చైనా వదిన కుడుములు

మొన్న చొల్లంగి అమావాస్యకి మా చైనా వదిన కలకత్తా నుంచి వచ్చి మా ఇంట్లో రెండు రోజులుండి వెళ్ళింది. ఆవిడ వస్తోందన్న సంబరంలో ఇల్లంతా కడిగించి, అనకాపల్లి బెల్లం తెప్పించి, స్టేషనుకి ఎదురెళ్ళి ఆవిడ చేతిలో సంచీ అందుకున్న మనిషిని నేనే. ఆవిడ తిరిగి రైలెక్కేటప్పుడు కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపడం ఇష్టంలేక, మంచినీళ్ళ సీసా కొనే వంకతో పక్కకి తప్పుకున్న మనిషినీ నేనే. ఈ రెండింటికీ మధ్య మా వంటింట్లో ఏం జరిగిందో చెప్పాలంటే చాలా ఏళ్ళు వెనక్కి వెళ్ళి, మా అత్తగారి తులసిపూసల దగ్గర మొదలుపెట్టాలి. నా ఈడు ఆడవాళ్ళయితే చదివి ఒక నిట్టూర్పు విడుస్తారు. ఈ కాలం పిల్లలయితే ఇంతోటి దానికేనా అంటారు. మా కోడలు అననే అంది.

అప్పట్లో మేం పాత ఊళ్ళో, పూర్ణా మార్కెట్టుకి కూతవేటు దూరంలో, ఒక పెద్ద పెంకుటింట్లో వాటాకి ఉండేవాళ్ళం. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం. తెల్లారేసరికి ఓడ కూతలు, మార్కెట్టుకి వచ్చే లారీల మోతలు, ఇంక గాలి హార్బరు వైపు నుంచి తిరిగిందంటే ఆరేసిన బట్టల మీదా, పెట్టిన వడియాల మీదా ఎర్రటి ఖనిజం ధూళి. ఆ వడియాలు వేయిస్తే నూనెలో రంగు దిగేదని చెబితే మా మనవలు నవ్వుతారు గానీ, ఆ ధూళి తినే ఇంతవాళ్ళమయ్యాం. మా పక్క వాటా చైనా పళ్ళ డాక్టరు గారిది. వీధిగదిలో ఆయన కుర్చీ, అద్దం, బయట పళ్ళ బొమ్మ వేసిన బోర్డు. లోపల రెండు గదులూ, వెనక వంటిల్లూ. వాళ్ళ వంటింటికీ మా వంటింటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ మీద మనిషి ఎత్తులో ఒక చిన్న కిటికీ కూడా ఉండేది, ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ అందులోంచే.

డాక్టరు గారి భార్యే మా చైనా వదిన. కలకత్తాలో పుట్టిన చైనా వాళ్ళ పిల్ల, పెళ్ళై ఇక్కడికి వచ్చింది. వచ్చినప్పుడు తెలుగు ముక్క రాదు. తర్వాత నేర్చుకుంది, కానీ ఎవరి దగ్గర నేర్చుకుందనుకున్నారు? పూర్ణా మార్కెట్టులో ఆకుకూరలమ్మే వాళ్ళ దగ్గర. అందుకని ఆవిడ నోరు విప్పితే, కళ్ళు మూసుకుని వినేవాళ్ళకి పద్మనాభం సంతకి వచ్చిన మనిషి మాట్లాడుతున్నట్టే ఉండేది. పుస్తకాలు చదువుకున్న నేను "ఏమిటి వదినా" అంటే, ఆవిడ "ఏటొదినా" అనేది. ఎవరు ఎవరికి పరాయో తెలిసేది కాదు.

వాళ్ళ కొత్త సంవత్సరం ఇంచుమించుగా మన చొల్లంగి అమావాస్య వెళ్ళిన మర్నాడు వస్తుంది. దానికి వారం ముందునుంచే ఆ వంటింట్లో సందడి. కలకత్తా నుంచి తెప్పించిన జిగురు బియ్యం నానబోసి, మా రోట్లోనే మెత్తగా రుబ్బి, గుడ్డలో మూటగట్టి నీళ్ళు కారనిచ్చి, ఆ పిండిలో బెల్లం పాకం పోసి చేతులు లాగేసేదాకా పిసికేది. అరటాకు పరిచిన డబ్బాలో అది పోసి ఆవిరి మీద పెడితే పొద్దుట మొదలైంది పొద్దు వాలేదాకా ఉడికేది. అది ఉడుకుతున్నంతసేపూ ఆ గదిలో ఎవరూ చెడ్డమాట అనకూడదు, చావు కబురు చెప్పకూడదు, "అయిందా?" అని అడగకూడదు. అడిగితే అది గట్టిపడదని ఆవిడ నమ్మకం. మనవాళ్ళు మాత్రం తక్కువా, అరిసెల పాకం పడుతుంటే ఎవరైనా గుమ్మంలోకొచ్చి "ఏం చేస్తున్నారు" అంటే మా అమ్మమ్మ గరిటె పుచ్చుకుని లేచేది. నువ్వులు అద్దిన బూరెలు చేసేది, లోపల వేరుశనగపప్పు, బెల్లం పూర్ణం. బియ్యప్పిండి పొంగబెట్టి గిన్నెల్లో చిన్న కుడుములు పెట్టేది. అవి ఆవిరికి నెత్తిన పగిలి నాలుగు రెక్కలుగా విచ్చుకోవాలి. విచ్చుకుంటే "నవ్వింది వదినా" అనేది, ఆ ఏడంతా ఆ ఇంట నవ్వే అని.

అన్నిటికన్నా పెద్ద పని కారపు కుడుములది. పండగ ముందురోజు మైదాపిండి అప్పడాలంత పల్చగా ఒత్తి, లోపల కూరిన ముద్ద పెట్టి, మన కజ్జికాయలకి మడత పెట్టినట్టే అంచు కుట్టి, వెదురు జల్లెడలో ఆవిరి మీద ఉడికించేవి. వాటిల్లోకి మాంసమో, రొయ్యలో వేసేవాళ్ళు. వాటి అంచులు మడవడంలో నేను ఆవిడనే మించిపోయానని డాక్టరు గారు కూడా మెచ్చుకునేవారు. కానీ ఒక్కటంటే ఒక్కటి నా నోట్లో వేసుకోలేదు. ఎందుకంటే మాది పూసలు వేసుకున్న ఇల్లు.

ఆ పూసల సంగతి ఇది. అత్తవారిది పద్మనాభం వైపు వ్యవసాయ కుటుంబం. మామగారు పోయిన ఏడాది, ఊళ్ళోకి వచ్చిన ఒక గురువుగారి చేత మా అత్తగారు మెళ్ళో తులసిపూసలు వేయించుకుంది. పూసలు పడ్డ మనిషి నీసు ముట్టకూడదు. నీసు వండిన గిన్నెలో కాచిన చారయినా ముట్టకూడదు. నా పెళ్ళైన కొత్తలోనే ఆవిడ ఊళ్ళో పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన రోజునే మా వంటింటి సామానంతా పెరట్లోకి దింపించి, చింతపండూ ముగ్గూ పెట్టి తోమించింది. మా అమ్మ సారెలో పెట్టిన చేపల పులుసు దాకని మాత్రం తోమినా పనికిరాదని బోర్లించేసింది.

నేనేమో సముద్రం పిల్లని. మా కన్నవారి ఊరు భీమిలి దాటాక ఒడ్డునే ఉంటుంది. మాదీ వ్యవసాయమే, కానీ పడవలు ఒడ్డుకొచ్చే వేళకి గిన్నె పట్టుకుని ఇసకలోకి దిగని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. నెత్తళ్ళు, కానాగంతలు, డబ్బుంటే వంజరం. ఏదీ లేనినాడు ఎండుచేప కాల్చుకుని గంజన్నంలోకి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ చేప లేని ముద్ద పండగనాడు తప్ప ఎరగను. అలాంటిదాన్ని, కొత్త కోడల్ని, నోరు మూసుకుని మానేశాను. మా ఆయనా మానేశాడనుకుంటున్నారేమో. మగవాళ్ళకేం, పోర్టు క్యాంటీనుంది, దారిలో హోటళ్ళున్నాయి; బయట తిని, చేతులు కడుక్కుని, వక్కపలుకు నములుతూ ఇంటికొస్తే అది తప్పు కాదు. మిగిలిందల్లా నేను. ఆ ఇంటి నియమం నా ఒక్కదాని నాలుక మీద నడిచింది.

అలాగని ఏడుస్తూ మానేశానని అబద్ధం చెప్పను. అత్తగారు పెద్దావిడ, మాటకి కట్టుబడ్డ మనిషి, ఆవిడ నిష్ఠకి నా వంతు సాయం నేను చేస్తున్నానని లోపల ఒక గర్వం కూడా ఉండేది. ఇంటికొచ్చిన వాళ్ళు "పెద్దావిడ నియమం బాగా నిలబెడుతున్నావమ్మా" అంటే పొంగిపోయేదాన్ని. వెర్రిదాన్ని.

చైనా వదిన నా సంగతి అర్థం చేసుకుంది, అదే నాకు కొండంత అండ. మాకోసమని ప్రత్యేకంగా ఒక ఇనప బాణలి, ఒక వెదురు జల్లెడ కొని, వాటిని విడిగా పై అలమరలో పెట్టింది. మాకిచ్చే నువ్వుల బూరెలు అందులోనే, నువ్వులనూనెతోనే వేయించేది. నాకోసం కేబేజీ, అల్లం వేసి చప్పటి కుడుములు విడిగా చేసేది. రోజూ వంటల్లోనూ ఇచ్చిపుచ్చుకోవడాలే. నేను కిటికీలోంచి ముద్దపప్పు, ఆనపకాయ పులుసు, గోంగూర పచ్చడి అందిస్తే, ఆవిడ వెల్లుల్లి వేసి పెద్ద మంట మీద పచ్చగా వేయించిన పాలకూర ఇచ్చేది. ఆకుకూర అంటే ముద్దయ్యేదాకా ఉడకాలనుకునే నాకు, కరకరలాడే పాలకూర తినడం ఆవిడే నేర్పింది. ఒంట్లో బాగోకపోతే వాళ్ళింట్లోనూ గంజే, మా ఇంట్లోనూ గంజే. కాకపోతే వాళ్ళు అందులోకి ఉప్పులో ఊరేసిన ఆవాకు నంజుకుంటారు, మనం నిమ్మకాయ ముక్క. ఒక తల్లి కడుపున పుట్టకపోయినా అక్కాచెల్లెళ్ళలా ఉన్నామని వీధంతా అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇక మా అమ్మ సంగతి. ఏడాదికి రెండు మూడుసార్లు బస్సెక్కి నన్ను చూడ్డానికి వచ్చేది. ఎప్పుడొచ్చినా ఆవిడ చంకలో ఒక గుడ్డసంచీ. అందులో ఎండురొయ్యలు. బజార్లో అమ్మే ఉప్పు బొమ్మలు కావు. ఒడ్డున పడవ దిగీ దిగగానే తాజావి ఏరి కొని, మంచినీళ్ళతో కడిగి, చిటికెడు పసుపు, కాస్త ఉప్పు రాసి, కాకుల్ని తోలుకుంటూ డాబా మీద కూర్చుని ఎండబెట్టినవి. తలలూ తోకలూ గిల్లి, చేత్తో పట్టుకుంటే లేతగా ఎర్రగా గలగలమనేవి. మా అమ్మకి చదువు లేదు, బంగారం లేదు. కూతురికి ఇవ్వడానికి ఆవిడ దగ్గరున్నదల్లా ఆ రొయ్యలే. మొదటిసారి తెచ్చినప్పుడు మా అత్తగారు గుమ్మంలోనే ఆపి, పూసల మీద చెయ్యి వేసుకుని, ఇల్లు మైల పడుతుంది వదినగారూ అని నెమ్మదిగానే చెప్పింది. మా అమ్మ మొహం చూడలేకపోయాను. పారెయ్యడం ఎందుకు, చైనా వాళ్ళు తింటారు కదా, అటివ్వండి అని అత్తగారే అంది. అలా ఆ సంచీ మా గడప దాటకుండానే పక్క గుమ్మంలోకి వెళ్ళింది.

మా అమ్మ మొండిది, తేవడం మానలేదు. అల్లుడైనా తింటాడేమోనని ఆశ. ప్రతిసారీ గుమ్మంలో అదే మాట, ప్రతిసారీ సంచీ పక్కింటికే. మా అమ్మ కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, నేను పెట్టిన పప్పూ చారూ తిని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. పోనీలే, దానమైనా మనవాళ్ళకే చేశాం అనేది పాపం, చైనా వదినని తనూ మనవాళ్ళలోనే కలుపుకుని.

అత్తగారికి పళ్ళు పాడైపోయి, డాక్టరు గారు అన్నీ పీకేసి కట్టుడు పళ్ళు పెట్టారు. అప్పటినుంచీ ఆవిడకి ఆ పళ్ళతో పడరాని పాట్లు. ఇంట్లో అన్నం మెత్తగా గుజ్జులా పిసికి పెడితే తప్ప తినలేకపోయేది. అప్పడం వద్దు, వడియం వద్దు, నమలలేనమ్మా అనేది. వారానికి ఒకటి రెండు మధ్యాహ్నాలు, పళ్ళు ఒరుసుకుంటున్నాయి, డాక్టరు చేత సరిచేయించుకొస్తానని పక్కింటికి బయల్దేరేది. మెట్టు దిగడం కష్టమని నేనే చెయ్యి పట్టుకుని వాళ్ళ గుమ్మం దాకా దింపేదాన్ని. చైనా వదిన నవ్వుతూ చెయ్యందుకుని లోపలికి తీసుకెళ్ళేది. డాక్టరు గారికి మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీసే అలవాటని నాకు తెలుసు. తెలిసీ, ఆ వేళలో పళ్ళు ఎవరు సరిచేస్తారన్న ఆలోచన నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఆ రోజుల్లోనే, చైనా వాళ్ళ కొత్త సంవత్సరం ముందు, మా అమ్మకి జబ్బు చేసింది. పెద్దాసుపత్రిలో చూపించడానికని తీసుకొచ్చి మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మనిషి సగమైపోయింది, ఏది పెట్టినా నోటికి సయించడం లేదు. అయినా ఊరినుంచి వస్తూ వస్తూ సంచీ తెచ్చింది చూడండి, అదెప్పటిలాగే పక్కింటికి వెళ్ళింది. ఒకరోజు పొద్దున్న తల దువ్వుతుంటే, చిన్నపిల్లలా నా చెయ్యి పట్టుకుని, నాలుగు రొయ్యలేసి చింతపండు పులుసు పెడితే రెండు ముద్దలు తింటానేమోనే అంది. మా అమ్మ నన్నడిగిన కోరిక అదొక్కటే. పెరట్లో కుంపటి పెట్టి, కొత్త దాక కొని వండుతాను, తర్వాత ఆ దాక పారేస్తాను, వంటింటి గడప కూడా తొక్కను అని అత్తగారి దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని అడిగాను. ఆవిడ జపం చేసుకుంటోంది. కళ్ళు తెరవకుండానే ఒక మాటంది.

"నాను పోయాక వండుకోండమ్మా."

ఆ మాట తర్వాత ఇంకేం అడగను? గోడకవతల చైనా వదిన విన్నట్టుంది, మీ అమ్మని మా ఇంటికి తీసుకురా, నేను వండి పెడతానని కిటికీలోంచి సైగ చేసింది. మా అమ్మే ఒప్పుకోలేదు. కూతురింట్లో లేనిది పక్కింట్లో తింటే కూతురికి నామర్దా అంది. "వద్దులే అమ్మా, నోటికి రుచే లేదు, రొయ్యలు పెడితే మాత్రం తింటానా" అని నన్నే ఓదార్చింది. తర్వాత ఊరెళ్ళిపోయింది, కొన్నాళ్ళకి పోయింది.

అత్తగారు ఆ తర్వాత చాలాకాలం బతికింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, ఈ ఇంట్లో నియమం తప్పనీయకు తల్లీ అంది. సరేనన్నాను. ఆవిడ పోయాక వండుకొమ్మంది కదా, వండుకోవచ్చు. కానీ మా అమ్మే లేకపోయాక ఇంకెవరికోసం వండుతాను? పైగా మాటిచ్చాను. అలా, పూసలు వేసుకోకుండానే, ఆవిడ నిష్ఠ నేను మోస్తూ వచ్చాను. డాక్టరు గారు కాలం చేశాక చైనా వదిన కలకత్తాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. పెంకుటిల్లు పడగొట్టారు. మేం రుషికొండ దారిలో ఫ్లాటు కొనుక్కుని వచ్చేశాం. ఇక్కడ పిల్లలు ఫోన్లో నొక్కితే చికెన్ నూడిల్సూ, రొయ్యల వేపుడూ గుమ్మంలోకి వస్తాయి. నాకు కష్టమవుతుందని వాళ్ళంతా బాల్కనీలో కూర్చుని తింటారు. అదీ మొన్నటివరకు.

మొన్న చైనా వదిన వచ్చి, మన చేతుల్తో ఒకసారి పండగ చేద్దాం వదినా అంటే నాకు ప్రాణం లేచొచ్చింది. జిగురు బియ్యం తనే తెచ్చింది. గ్రైండర్లో రుబ్బాం, ఆవిరి పెట్టాం, చెడ్డమాట అనకూడదని ఇద్దరం ముసలాళ్ళం మూతులు బిగించుకుని నవ్వుకున్నాం. కారపు కుడుములకి నా వాటా కేబేజీ తరిగాను. మా ఆయనకీ పిల్లలకీ పెట్టడానికని తను పూర్ణా మార్కెట్టుకెళ్ళి ఎండురొయ్యలు తెచ్చి, బాల్కనీలో కరెంటు పొయ్యి మీద చేస్తానంది. పొట్లం విప్పి ఒకటి వాసన చూసి మొహం చిట్లించింది.

"ఇవేటి రొయ్యలు వదినా. మీ అమ్మ తెచ్చీ రొయ్యలైతే, కుడుము ఆవిరి మీదుండగానే మీ అత్త ప్లేటు పట్టుకుని కూకునీది" అంది.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. మా అత్త ఏమిటి, ఆవిడ తినడమేమిటి అన్నాను. ఆవిడకి నా మొహం చూసి అర్థం కాలేదు, తమాషా చేస్తున్నాననుకుంది. పిండి మడుస్తూ, నవ్వుతూ, ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. ఆ మధ్యాహ్నాలన్నీ అందుకేనట. పళ్ళు సరిచేయించుకోవడం కాదు, అవి పెట్టుకుని కుడుములు తినడానికట. పండక్కే కాదు, మామూలు రోజుల్లోనూ అన్నం మీద ఎండురొయ్య ఆవిరి పట్టించి పెడితే కడుపునిండా తిని, నోరు పుక్కిలించి, సోపు నమిలి వచ్చేదట. మాకోసం కొన్న విడి బాణలిలోది ఆవిడ ముట్టేదే కాదట. "అది నీకోసం వదినా. మీ అత్తకి నా బాణలిలోదే కావాలి" అంది. మెత్తగా పిసికి పెట్టిన ఆ గుజ్జన్నాలన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడ మడత ఆపి, నా వంక వింతగా చూసింది.

"నీకు తెలీదేటి? తెలిసీ తెలీనట్టుంటన్నావనుకున్నాను. పెద్దావిడ మర్యాద పోకూడదని చూసీచూడనట్టుంది, ఎంత మంచి కోడలో అని మా ఆయనతో అనీదాన్ని" అంది.

చూశారా, నా మంచితనం ఎక్కడికొచ్చి తేలిందో. నాకు తెలియకపోవడాన్ని కూడా నా గొప్పతనం కింద జమకట్టుకుని, ఏళ్ళ తరబడి గోడకవతల వాళ్ళిద్దరూ నా పుట్టింటి రొయ్యలు తింటూ కూర్చున్నారు. అప్పటికి నాకు ఒక్కటే అడగాలనిపించింది. మా అమ్మ మా ఇంట్లో మంచం మీదున్నప్పుడు కూడానా అన్నాను. ఆవిడ చేతికంటిన పిండి మెల్లగా రాల్చుకుంది. అప్పుడు గుర్తొచ్చిందనుకుంటాను, కిటికీలోంచి తను చేసిన సైగ.

"ఆ సంచీలోవే, ఆ పండక్కి కుడుముల్లో ఏసినాను" అంది. మళ్ళీ, నన్ను ఊరడించడానికని కాబోలు, "మా వియ్యపురాలి సెయ్యి ఎవలికీ రాదు అనీది వదినా, తిన్నన్నాళ్ళూ అదే మాట" అంది.

అది వినకుండా ఉన్నా బాగుండేది. తినడం కన్నా ఆ మెచ్చుకోవడం నన్ను ఎక్కువ కోసింది. నాలుక చంపుకోలేక తిన్నదంటే సరే, అందరం మనుషులమే; నియమం పెట్టుకున్నంత మాత్రాన నోరు చచ్చిపోదు. అమ్మాయ్, నాకు తినాలనుందే అని ఒక్కసారి చెవిలో చెప్పి ఉంటే, తలుపు గడియ వేసి నా చేత్తో వండి పెట్టేదాన్ని కదా, పూసల మాట నాలోనే దాచుకునేదాన్ని కదా. నన్ను నమ్మలేదు. పక్కింటావిడని నమ్మింది. పక్కింటావిడ నన్ను వదినా వదినా అంటూనే ఆవిడ పక్షాన నిలబడింది. నేనడిగినప్పుడు మాత్రం "నాను పోయాక" అన్న ఆ మాట, నోట్లో మా అమ్మ రొయ్యల రుచి ఉండగానే అంది.

చైనా వదినతో గట్టిగా ఒక్క మాట అనలేకపోయాను. ఆవిరి మీద పిండి ఉంది, చెడ్డమాట అనకూడదన్న ఆవిడ నమ్మకాన్ని ఆ కోపంలో కూడా నేనే కాపాడాను, అదీ నా బతుకు. కోపమా వదినా అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. పెద్దావిడ అడిగితే కాదనడం, ఆవిడ గుట్టు కోడలికి చెప్పడం, వాళ్ళ వైపు కూడా మహా తప్పేనని తనకి తోచినట్టు చెప్పుకుంది. అర్థమైంది. అర్థమైతే మాత్రం మంట చల్లారుతుందా? ఆవిడ వెళ్ళాక ఇప్పటికి చాలాసార్లు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చుంటాను. చచ్చిపోయిన మనిషితో పోట్లాడలేను, బతికున్న మనిషిని వదులుకోలేను.

ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను, కనీసం ఆయనైనా నాతోపాటు ఆశ్చర్యపోతాడని. ఆయన పేపరు దించి, కళ్ళజోడు పైనుంచి చూసి, చిన్నగా నవ్వి, "నీకు తెలీదేటి?" అన్నాడు. ఆ తర్వాత ఏదో సర్దిచెప్పబోయాడు గానీ నేను వినలేదు.

మర్నాడు పిల్లలు బయటనుంచి తెప్పించుకున్న డబ్బాలు పట్టుకుని బాల్కనీలోకి వెళుతుంటే ఆపాను. ఇక్కడే, బల్ల మీదే తినండి అన్నాను. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా కోడలు ధైర్యం చేసి నా పళ్ళెంలో కూడా నాలుగు రొయ్యలు వడ్డించబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను. నియమం కోసం కాదు, దాని మీద ఇప్పుడు నాకు భయమూ లేదు, భక్తీ లేదు. నాకు కావలసినవి ఆ డబ్బాలో లేవు, అంతే. వాళ్ళు తింటూ, ఒకరి పళ్ళెంలోంచి ఒకరు తీసుకుంటూ, ఏది బాగుందో ఏది బాగాలేదో పైకే చెప్పుకుంటున్నారు. ఎవరూ ఎవరికోసం ఏదీ మానుకోవడం లేదు, ఎవరికీ ఏదీ దాచుకోవలసిన పనీ లేదు. మా రోజుల్లో ఒకరికోసం ఒకరం ఎంత మానుకున్నామో చెప్పుకుని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఆ పిల్లల్ని చూస్తే, వీళ్ళే నయమేమో అనిపిస్తోంది. వీళ్ళలో ఎవరి వంట బాగున్నా, ఆ మాట వండినవాళ్ళ చెవిన పడుతుంది. మా అమ్మ మాత్రం, తన చేతి రొయ్యలు కూతురింట్లో ఎవరికీ అక్కర్లేకపోయాయనుకుంటూనే వెళ్ళిపోయింది.